వదిన మొక్కులు

ఆరోగ్యం మీద పరిశోధన అనే మాట చెవిన పడితే చాలు, నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చదువంటే గిట్టక కాదు. పగలు చెరకు తోటలో పనిచేసి, సాయంత్రం మా ఊరు షెమాన్ గ్రెనియేలో పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించినవాణ్ణి నేను. ఆ కాస్త చదువే నన్ను ఇందులోకి దించింది.

మా తాతలు చెరకు పనికి వలసొచ్చిన ఈ దీవికి స్వాతంత్ర్యం రావడానికి ఇంకా నాలుగైదేళ్లుంది. ఇంగ్లీషువాళ్ల సీమ నుంచి ఒక డాక్టరు, యూనివర్సిటీ మనుషులను వెంటేసుకుని మా ఊరికి వచ్చాడు. తోటల్లో బతికే ఆడవాళ్లకు రక్తం ఎందుకు తక్కువగా ఉంటుందో కనుక్కుంటారట. కనుక్కున్నాక, అవసరమున్న ఊళ్లకు పాలపొడి, రక్తం పట్టే మాత్రలు ఇప్పిస్తారట. ఇంగ్లీషు, ఈ దీవిలో అందరూ మాట్లాడే క్రియోల్, తెలుగు మూడూ వచ్చిన మనిషి కావాలంటే అందరూ నన్ను చూపించారు. నేను ఎగిరి గంతేశాను. ఆ మాత్రలు ముందు మా ఇంట్లోనే కావాలి మరి! మా వదినకు అప్పుడు నాలుగో నెల. అంతకుముందు కాన్పులో బిడ్డ దక్కలేదు. తల్లికి రక్తం లేదని డిస్పెన్సరీలో తేల్చి చెప్పారు. ఈసారైనా బిడ్డ దక్కాలని అన్నయ్యా నేనూ కనపడ్డ దేవుడికల్లా దండం పెడుతున్నాం.

అవి కోతలు లేని నెలలు. చెరకు ఇంకా ఎదుగుతూ ఉంటుంది, పని వారానికి రెండు మూడు రోజులే దొరుకుతుంది. మేం ఇంటింటికీ తిరిగాం. కనురెప్ప కిందికి లాగి చూడటం, వేలు పొడిచి రక్తపు చుక్క తీయడం వాళ్ల పని. ఎవరు ఏం తిన్నారో అడిగి ఫారంలో రాయడం నా పని. తినకపోతే ఎందుకు తినలేదో రాయడానికి ఒక గడి ఉండేది.

"ఈ పూట తినలేదా పిన్నీ?"

"మొక్కుంది నాయనా."

అంతే. మా వాళ్లలో మొక్కు అన్నాక ఇక అడగకూడదు. ఏ దేవుడికి, దేనికి, ఎన్నాళ్లు అని ఆరా తీస్తే మొక్కు చెడిపోతుందంటారు. నోరు మూసుకుని ఆ గడిలో 'ఉపవాసం' అని రాసేవాణ్ణి. పక్కింట్లో అదే మాట, ఎదురింట్లో అదే మాట. మా వాళ్లు ఉపవాసముండే గోవిందుడి శనివారాలు వచ్చేది సెప్టెంబరులో, కోతలు ముమ్మరంగా సాగే రోజుల్లో. మరి పనే లేని మార్చిలో ఊళ్లో ఆడవాళ్లందరికీ ఒక్కసారే ఇంత భక్తి ఎక్కడి నుంచి ఊడిపడిందని నా మట్టిబుర్రకు తట్టిందా? తట్టలేదు! పైగా నేను పంతులునట!

మా ఇంటి ఫారం కూడా నేనే నింపాను.

"సోమవారం తినలేదు, ఇవాళ బుధవారమూ తినవు. ఇన్ని మొక్కులేంటి వదినా?" అన్నాను నవ్వుతూ.

"నీకెందుకు అబ్బాయ్? బిడ్డ కోసం. నువ్వు తిని బయల్దేరు, నీ మిసియే దొరలు ఎదురుచూస్తుంటారు" అంది, నా కంచంలో ఆకుకూర వేస్తూ. నేను తిన్నాను. చెయ్యి కడుక్కుని గడి నింపాను.

జూన్‌లో డాక్టరు అచ్చు కాగితాలతో మళ్లీ వచ్చాడు. మా బడి గదిలో ఊరంతా కూర్చుంది. ఆయన ఇంగ్లీషులో మాట్లాడితే నేను మనవాళ్లకు తెలుగులో చెప్పాలి. ఈ ఊళ్లో ఆడవాళ్లకు రక్తం తగ్గడానికి కారణం తిండి లేకపోవడం కాదట, మూఢభక్తి అట. అందుకని పాలపొడి, మాత్రలు వేరే ఊళ్లకు పోతాయట. మనకు మాత్రం ఉపన్యాసాలు ఇప్పిస్తారట! "కడుపుతో ఉన్న ఆడదాన్ని మాడి చావమని ఏ దేవుడూ చెప్పడు, ఆ మాట వాళ్లకు చెప్పు" అన్నాడు నాతో. సిగ్గులేకుండా ఉన్నదున్నట్టు చెప్పాను.

వదిన గోడ పట్టుకుని లేచింది. ఏడో నెల. పదిమందిలో ఏనాడూ నోరెత్తని మనిషి.

"ఏ దేవుడూ అడగలేదు. కుండలో ఇద్దరికే ఉండేది. పనికి పోయే మీరిద్దరూ తినాలి కదా. లేదని చెప్తే మీకు ముద్ద దిగుతుందా? అందుకే మొక్కన్నాను. చెప్పు అబ్బాయ్, ఆయనకి చెప్పు."

"మా ఇంట్లోనూ అంతే" అంది వెనక నుంచి ఒకావిడ. ఆ తర్వాత ఇంకొకావిడ. అన్నయ్య తల ఎత్తలేదు.

"ఏమంటోంది?" అన్నాడు డాక్టరు.

"ఆవిడ అన్నం మేం తిన్నామంటోంది" అన్నాను. 

ఆయన కాగితాలు తిరగేశాడు. "ఫారాల్లో అలా లేదే. ఇప్పుడు అచ్చయిపోయింది కూడా" అని సంచీ సర్దుకున్నాడు. చూశారా! ఊరందరి కనురెప్పలూ లాగి చూసిన పెద్దమనిషి ఒక్క ఇంట్లో కుండ మూత తీసి చూడలేదు. పని లేని నెలల్లో ఎలా బతుకుతున్నారని అడిగే గడి ఆ ఫారంలో ఒక్కటీ లేదు. అయినా ఆయన్ని ఎంతసేపని తిట్టను? ఫారాలు నింపింది నేను.

మాత్రలు మా ఊరికి రానే లేదు. ఆగస్టులో మగబిడ్డ పుట్టాడు, దక్కాడు. ఇప్పుడు వాడి పొట్ట వాడికంటే ముందు గుమ్మం దాటుతుంది. అందులో డాక్టరు పుణ్యం ఇసుమంత లేదు. జూన్‌లో ఆ సభ అయ్యి బడి నుంచి ఇంటికి వచ్చిన సాయంత్రమే అన్నయ్య వదిన చేతిలోంచి గరిటె లాక్కున్నాడు. మొదటి కంచం ఆవిడకే పెట్టాడు. మేమిద్దరం ఖాళీ కంచాలతో ఎదురుగా కూర్చున్నాం. సగం తిన్నాక వదిన కుండ వైపు చూసి, కంచం కొంచెం పక్కకు నెట్టి, "ఇంక చాలు, ఇవాళ నాకు మొక్కు..." అంటూ అంతలోనే ఆగిపోయింది.

అన్నయ్య ఆవిడ కంచంలో ఇంకో గరిటె అన్నం వేశాడు.