మూడో వన్స్‌మోర్

ముందు నా గొంతు గురించి చెప్పుకోవాలి. నందిగామలో నేను తుమ్మితే కీసర దగ్గర మునేటి ఒడ్డున ఎడ్లు బెదిరేవని మా అమ్మ అనేది. అమ్మ ఏదైనా కాస్త తగ్గించి చెప్పే మనిషి. ఆ గొంతుతో నేను జీవితంలో చేసిన పనులు రెండే. తాలూకా ఆఫీసులో డఫేదారు సెలవు పెట్టిన రోజున వాకిట్లో నిలబడ్డ రైతుల్ని కేకేసి పిలవడం ఒకటి. సినిమాలో పాట అయిపోగానే వన్స్‌మోర్ అని అరవడం రెండు. మొదటిదానికి మెప్పు రాలేదు. రెండోదానికి శిక్ష పడలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

వన్స్‌మోర్ నేను కనిపెట్టింది కాదు. నాటకాల కాలం నుంచీ మనవాళ్ళకున్న హక్కు. పద్యం బాగుంటే యుద్ధంలో చచ్చిపడిన రాజైనా సరే, దుమ్ము దులుపుకుని లేచి, మళ్ళీ పాడి, మళ్ళీ చావాల్సిందే. డేరా సినిమాలొచ్చాక జనం ఆ హక్కును తెర మీదికి కూడా తీసుకుపోయారు. తెర మీది బొమ్మకు చెవులు లేకపోవచ్చు. వెనకాల మిషను తిప్పే ఆపరేటరుకు ఉంటాయి. గట్టిగా అరిస్తే ఆయన మిషను ఆపి, రీలు వెనక్కి తిప్పి, పాట మళ్ళీ వేసేవాడు. ఎంత గట్టిగా అన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నకు నందిగామలో జవాబు నేను.

నన్ను ఈ దారి పట్టించింది మా బావ. మా అక్కను జగ్గయ్యపేట ఇచ్చారు. మేమంతా పేట అనే అంటాం. బావకు పేట బజార్లో బట్టల కొట్టు. ఆయన గొంతు నా గొంతుకు పూర్తిగా విరుగుడు. అక్కను భోజనానికి వడ్డించమని అడిగితే వంటింటి గడప దాటేలోపు ఆ మాట అరిగిపోయేది. పగలంతా గజంబద్ద పట్టుకుని గుడ్డ కొలిచేవాడు. కొట్టు కట్టేశాక అటక మీద దుప్పట్ల మూటల మధ్య కూర్చుని క్లారినెట్టు ఊదేవాడు. ఎక్కడ నేర్చాడంటే, చిన్నప్పుడు నాటకాల కంపెనీ ఒకటి పేటలో మూడు నెలలు చిక్కడిపోయిందట, అప్పుడు. చెవి మాత్రం ఎవరూ నేర్పితే వచ్చింది కాదు. గుడ్డ చింపి, ఆ చప్పుడు విని శ్రుతి చెప్పేవాడు.

"మల్లు నాలుగున్నరలో చిరుగుతుందిరా. పాప్లిన్ అయిదు. ఇది ఎందులోనూ లేదు చూడు, నూలు కల్తీ."

ఆయన మాట నమ్మి, చెవితో బట్ట కొనేవాళ్ళు పేటలో సగం మంది ఉండేవారు. సగం కాదులెండి, ముగ్గురు.

కొట్టుకు సెలవైన రోజున బస్సెక్కి నందిగామ వచ్చి, నాతో డేరా హాలుకు వచ్చేవాడు. ఆ ఏడు ఒక సినిమా వచ్చింది. పేరు రాయను. దానికి సంగీతం చేసిన మహానుభావుడి పేరు కూడా రాయను. రాస్తే ఈ నేరంలో ఆయన్ను సాక్షిగా పిలిచినట్టవుతుంది. అందులో కథానాయిక బావిలో నీళ్ళు తోడుతూ పాడుతుంది. పాట ఊరందరి నోళ్ళలో పడింది. నా నోట్లోనూ పడింది, పాపం ఆ పాట.

పాట అయ్యాక బావ నన్ను మోచేత్తో పొడిచాడు.

"విన్నావురా?"

"విన్నా బావా. బ్రహ్మాండం."

"పాట కాదు. పాట అందరూ వింటారు. రెండో చరణానికి ముందు ఆమె చేతిలోంచి చేద జారిందే, అప్పుడు విన్నావా?"

"చేద జారితే దభీమంటుంది. అందులో వినడానికేముంది?"

"అనలేదుగా. అదే నే చెప్పేది."

నాకేమీ తెలియలేదని మొహం చూసి గ్రహించాడు. చెవి దగ్గరికి వంగి చెప్పాడు. చేద జారినప్పుడు క్లారినెట్టు ఒక్కటే మోగుతుంది. మెట్టు మెట్టుగా దిగుతుంది. నీళ్ళకు తగలడానికి ఇంకొక్క స్వరం ఉందనగా ఆగిపోతుంది. ఆమె మనసు ఇంకా అడుగుకు చేరలేదు, అది చెప్పడానికి ఆ ఒక్క స్వరం దాచుకున్నాడు సంగీతం చేసినాయన.

"మళ్ళీ వింటేగానీ నమ్మను," అన్నాను.

"నాకూ వినాలనే ఉంది. అడగరా."

"నువ్వడుగు."

"నా గొంతు నీ దాకా రావడమే గగనం, ఆపరేటరు దాకా ఏం పోతుంది? నువ్వడుగు."

అడిగాను. డేరా గుంజలు ఊగాయి. రీలు వెనక్కి తిరిగింది. రెండోసారి నేను పాటను వదిలేసి చేదను విన్నాను. దిగి, దిగి, ఆగింది. ఆ ఆగినచోట డేరా అంతా బావిలా అయిపోయి, దాని అంచున నేనొక్కణ్ణే కూర్చున్నట్టనిపించింది. సంగీతం అంటే మోగేది మాత్రమే కాదని నాకు తెలిసింది అప్పుడే.

అదీ నా మొట్టమొదటి వన్స్‌మోర్. బావ కోసం అరిచింది. చిత్రగుప్తుడు నా పద్దు చదివేటప్పుడు ఈ ఒక్క ముక్క దగ్గర కాస్త నెమ్మదిగా చదవాలని నా ప్రార్థన.

ఆ సినిమా బావ పదకొండుసార్లు చూశాడని అక్క చెప్పేది. నా అంచనా నలభై. బావ పొడిచేవాడు, నేను అరిచేవాణ్ణి. పోను పోను ఆయన పొడవకుండానే అరవడం మొదలుపెట్టాను. జనం కూడా పాట అయిపోతుందనగా తెర వదిలేసి నా వంక చూడడం మొదలుపెట్టారు. ఇది మనిషికి మంచిది కాదు.

ఇలా ఉండగా పేట హైస్కూల్లో కొత్త గదులు కట్టడానికని ఒక కమిటీ బయల్దేరి, ఆ సంగీత దర్శకుణ్ణే మద్రాసు నుంచి కచేరీకి పిలిచింది. ఆయన ఒప్పుకున్నాడని తెలిసిన రోజు బావ గజానికి గజంన్నర గుడ్డ చింపి ఇచ్చాడట. కమిటీ సెక్రటరీ లెక్కల మాస్టారు. నేను ఆయన ఇంటికి తిరిగి తిరిగి, తాలూకా ఆఫీసులో నేర్చిన భాషంతా గుమ్మరించి మూడు వినతిపత్రాలు రాసి, కచేరీ చివర పది నిమిషాలు బావకు ఇప్పించాను.

"సాయంత్రం అయిదుకు మొదలు," అన్నారు మాస్టారు. "ఏడూ యాభైకి మీ బావగారు. ఎనిమిదికి కారు. బెజవాడలో ఆయన మద్రాసు మెయిలు బండి అందుకోవాలి. ఒక్క నిమిషం అటూ ఇటూ కాదు, చెబుతున్నా."

ఈ మాట విన్నది నేను. బావకు చెప్పింది నేను. ఇది గుర్తుంచుకోండి, నేను మరిచిపోవాలని చాలా ప్రయత్నించాను గానీ కుదరలేదు.

రెండు నెలలు బావ అటక దిగలేదు. ఆ చేద జారే ముక్కను తీసుకుని పది నిమిషాలు చేశాడు. సినిమాలో సంగీత దర్శకుడు అరనిమిషంలో దించినదాన్ని బావ రాయి రాయికీ ఆపుతూ, నాచు పట్టిన చోట జార్చుతూ, చివరికి ఆ దాచుకున్న స్వరం దగ్గరికి తీసుకెళ్ళి నీళ్ళకు తగిలిస్తాడు. మా కుటుంబంలో గోరంతను కొండంత చెయ్యడం ఇద్దరికే వచ్చు. నేను చేస్తే అబద్ధమయ్యేది. బావ చేస్తే బావి లోతు తెలిసేది.

"ఆయన వింటాడంటావా?" అని ఒకటే అడిగేవాడు.

"వినక? ఎదురుగానే కూర్చుంటాడుగా."

"విని ఏమంటాడో."

"మద్రాసు రమ్మంటాడు."

"మద్రాసు నాకెందుకురా, కొట్టెవరు చూస్తారు? ఔననో కాదనో, ఒక్క మాట అంటే చాలు."

అంతే ఆయన కోరింది. ఒక్క మాట.

కచేరీ రోజు హైస్కూలు మైదానంలో పేటంతా ఉంది. వీరులపాడు నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. వేదిక పక్కన మెట్ల దగ్గర స్టూలు మీద బావ, పట్టు లాల్చీ వేసుకుని, క్లారినెట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బెజవాడ నుంచి, నోట పెట్టుకుని ఊదే కొత్త పీక తెప్పించి దానికి తొడిగాడు. నేను నాలుగో వరసలో. సంగీత దర్శకుడు సన్నగా, పొట్టిగా, మనం చూసిన ఏ పోస్టుమాస్టరులాగైనా ఉన్నాడు. హార్మోనియం మీద చెయ్యి వేసేదాకా.

డేరాలో విన్నది పాట బొమ్మ, ఇది పాట. అక్కడ వాయిద్యాలన్నీ ఒకే రేకు డబ్బాలోంచి వచ్చేవి. ఇక్కడ వయొలిన్లు ఒకవైపు గాలిలా లేస్తుంటే తబలా ఇంకోవైపు నడిచి వస్తోంది. ఆయన ఎడం చేతి చిటికెనవేలు ఎత్తితే ఆరుగురు ఆగేవారు. అన్నిటికన్నా, ఊదేముందు క్లారినెట్టాయన ఊపిరి తీసుకోవడం కనిపించింది. సినిమాలో ఊపిరి కనిపించదు. ఇన్నాళ్ళూ నేను ఒక మనిషి ఊపిరిని మళ్ళీ మళ్ళీ వెయ్యమని అరిచానన్నమాట.

ఇది అప్పుడే తట్టి ఉంటే బాగుండేది.

ఏడూ నలభైకి ఆ బావి పాట మొదలైంది. చేద దిగింది, ఆగింది. మైదానం గుడ్లప్పగించింది. బావ నా వంక చూసి తల ఊపాడు. వన్స్‌మోర్ అన్నాను. సంగీత దర్శకుడు మళ్ళీ వాయించాడు. ఈ మొదటిదానికి నేను ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

రెండోది నందిగామ ప్లీడర్లు చేయించారు. నా వెనక వరసలో కూర్చుని ఒకాయన అన్నాడు, "ఏమండోయ్, పేట నీళ్ళు తాగితే తాలూకా ఆఫీసు గొంతు కూడా ఇంతేనా?" అరిచాను. సంగీత దర్శకుడు నవ్వి, మళ్ళీ వాయించాడు.

పాట నడుస్తుండగా బావ స్టూలు మీంచి లేచాడు. నా వంక చెయ్యి ఎత్తి, మణికట్టు మీద వేలితో తట్టి చూపించాడు. గడియారం లేని మణికట్టు. నేను చూశాను. చూసి, చటుక్కున పెట్రోమాక్సు లైటు వంక తిరిగాను, అందులో ఏదో అరుదైన పురుగు దూరినట్టు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే సంగీత దర్శకుడు హార్మోనియం మీంచి తలెత్తి, ఇంత మందిలో నన్ను వెతికి పట్టుకుని, వేలితో చూపించి నవ్వాడు. అందరూ తిరిగి నన్ను చూశారు. పాట అయిపోయింది. నాకింకో నవ్వు కావాలనిపించింది.

మూడో వన్స్‌మోర్ పరిటాల దాకా వినిపించి ఉంటుంది. నిజం చెప్పాలంటే స్టూలు దాకా వినిపించింది, అది చాలు.

పాట అవుతూనే లెక్కల మాస్టారు మైకు దగ్గరికి వచ్చారు. "టైమైపోయిందండి. మెయిలు," అన్నారు. దండలు, చప్పట్లు, వందనసమర్పణ కలిపి ఒక్క వాక్యంలో ముగించారు. సంగీత దర్శకుడు మెట్లు దిగుతూ బావ దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"మీరూ వాయిస్తారా?"

"ఆఁ, ఏదో అండి," అన్నాడు బావ.

క్లారినెట్టు రెండు చేతుల్లో ఉండడం వల్ల నమస్కారం పెట్టలేక తల వంచాడు. కారు వెళ్ళిపోయింది.

ఇంటికి నడుస్తూ బావ నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండేది. "చివరిసారి గమనించావురా?" అన్నాడు. "క్లారినెట్టాయనకు ఊపిరి చాలక ఇంకో మెట్టు పైనే ఆపేశాడు. అదీ బాగుంది." అక్క నా మొహం చూసి, బావకు జరిగినదానికి నేను కుమిలిపోతున్నాననుకుని, నా విస్తట్లో రెండు గారెలు ఎక్కువ వేసింది. తిన్నాను. మింగుడుపడలేదని రాయాలనుంది గానీ, పడ్డాయి. ఆ సంగతే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

ఆ తరవాత నేను వన్స్‌మోర్ అనలేదు. నందిగామలో డేరా పోయి పక్కా హాలు లేచింది. గొంతేమైందని అడిగితే డాక్టరు వద్దన్నాడని చెప్పేవాణ్ణి. ఏ డాక్టరంటే రోజుకో డాక్టరు. పదేళ్ళు గడిచాయి. బావ జుట్టు నెరిసింది, ఆయాసం పట్టుకుంది. ఒకరోజు మధ్యాహ్నం కొట్లో కూర్చుని, ఎదురుగా పంచెల తాను మీద చెయ్యి రాస్తూ, బావ మొహం చూడకుండా చెప్పేశాను.

"బావా, ఆ రోజు నువ్వు చెయ్యి చూపించావుగా. నేను చూశాను."

బావ గజంబద్ద పక్కన పెట్టాడు.

"చూశావని నాకు తెలుసురా. చూడనివాడు లైటు వంక తిరగడు."

"మరి అక్కకు చెప్పలేదేం?"

"చెబితే నీకు మా ఇంట్లో అన్నం పెట్టేదా?"

బావ లేచి, అటక మీంచి క్లారినెట్టు తెచ్చుకుని, పాత పీకనే తడిపి పెట్టుకున్నాడు. పది నిమిషాలది అరనిమిషమే వాయించాడు. చేద దిగింది. ఊపిరి ఎగదన్నుతున్నా మెట్టు తప్పలేదు. నీళ్ళకు ఒక్క స్వరం ముందు ఆగింది.

"తగిలించవా బావా?"

"ఆ రోజు తగిలించాలనే అనుకున్నా. ఇప్పుడు ఆయనదే రైటనిపిస్తోంది. అడుగుదామంటే ఆయన లేడుగా ఇక్కడ."

కొట్టు అరుగు మీద, పంచెలు కొనడానికి వచ్చిన వీరులపాడు రైతు ఒకాయన మూట మీద గడ్డం ఆన్చి వింటున్నాడు.

"షావుకారుగారూ, చాలా బాగుందండి. ఇంకోసారి వాయించండి."

"ఆ డిపార్టుమెంటు మా బావమరిదిది," అన్నాడు బావ. "ఆయన్ని అడగమనండి."

రైతు నా వంక తిరిగాడు. ఎడ్లను బెదరగొట్టిన నా గొంతు ఎక్కడికో పోయింది. వెతికి, ఉన్నంత మేరకు పట్టుకుని, చేతిలో ఉన్న తానుకు కూడా వినిపించనంత మెల్లగా, వన్స్‌మోర్ అన్నాను.

బావ విన్నాడు. ఆయన చెవి అలాంటిది. క్లారినెట్టు తుడిచి సంచిలో పెట్టి, మూతి కట్టేశాడు.

"ఇప్పుడు కాదురా. మెయిలు టైమైంది."

"ఏ మెయిలండీ?" అన్నాడు రైతు.

"మద్రాసు మెయిలు," అని గజంబద్ద అందుకున్నాడు బావ. "మీకెన్ని గజాలు కావాలన్నారు?"