పక్క సీటు అమ్మాయి ఓటు

నాకు అసూయ పుడితే ముందు ఆకలి చచ్చిపోతుంది. ఆ ఏడాది నేను బాగా చిక్కిపోయాను. మా ఆయన డైటింగ్ అనుకుని తెగ మెచ్చుకున్నాడు. అసలు కారణం ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చునే అమ్మాయి.

ఆమెది సింగపూర్‌కి మరీ దూరం కాని ఒక దేశం. పేరు రాయను, ఆమె ఇంటివాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. సైన్యమే ఏళ్ళ తరబడి ఏలుతున్న దేశమని చెబితే చాలు. నాకంటే చిన్నది. టీములోని తమిళ అమ్మాయిల దగ్గర నేర్చుకుని నన్ను అక్కా అని పిలిచేది. ఐటీ కంపెనీలు ఎక్కడెక్కడి మనుషుల్నో వెతికి పట్టుకొస్తున్న రోజులవి. మా ఫ్లోరు నిండా గోదావరి జిల్లాల వాళ్ళు, చెన్నై వాళ్ళు, మనీలా వాళ్ళు. ఆ దేశం నుంచి ఆమె ఒక్కతే. కోడు రాయడంలో నాకంటే చురుకు, టీమ్ లీడ్ కూడా ఆమే. దానికీ కుళ్ళుకున్నాను గానీ అది మామూలు కుళ్ళు, భోజనాల వేళకి చల్లారిపోయేది.

చల్లారనిది వాళ్ళ ఎన్నికలతో మొదలైంది.

చాలా కాలానికి వాళ్ళ సైన్యం ఎన్నికలు పెడతానంది. ఊరికే పెట్టలేదు. పార్లమెంటులో కొన్ని సీట్లు ఎన్నికే లేకుండా యూనిఫాం వాళ్ళకి ఉంచేసుకుంది. పైగా దానికి సొంత పార్టీ ఒకటి. ఆ పార్టీకి వెనక ఒక పెద్ద పొరుగు దేశం, రేవులు కట్టిస్తూ, రోడ్లు వేయిస్తూ. ప్రతిపక్షానికేమో పడమటి దేశాల పొగడ్తలు, ప్రకటనలు. మా క్లయింటూ తక్కువ తినలేదు. వాళ్ళు ఆ దేశంలో జనరేటర్లు అమ్ముతారు, అక్కడి సైన్యం నడిపే సంస్థతో పొత్తు. ఆ వ్యాపారానికి సాఫ్ట్‌వేరు రాసేది మేము. మా మేనేజరు ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, మంచివాడే. ఒకసారి ఆమె ముందే ఇక్కడి యాసలో అనేశాడు, "ఎవరు గెలిచినా సేమ్ లా. ఆర్మీ ఉంటుంది, మన కాంట్రాక్టూ ఉంటుంది" అని. ఆమె నవ్వి ఊరుకుంది. నాకు ఒళ్ళు మండింది. ఆమెకి మండనందుకు ఇంకా మండింది.

ఇద్దరం పీఆర్‌కి (ఇక్కడే స్థిరపడే అనుమతికి) పెట్టుకోవాల్సిన సమయం అది. నేను పెట్టేశాను. ఆమె పెట్టలేదు. ఎందుకు ఆలస్యం చేస్తున్నావని ఒకరోజు హాకర్ సెంటర్‌లో నూడుల్స్ తింటూ అడిగాను.

"మావాళ్ళు గెలిస్తే ఇంటికి వెళ్ళిపోతానక్కా. ఓడితే ఇక్కడే ఉండిపోతాను. నాన్నకి మాటిచ్చాను" అంది.

ఆ మాటకి నా కడుపు నిజంగానే మండింది. నేను ఇంటికి ఎప్పుడు వెళ్తానన్నది మా ఆయన ప్రమోషన్ మీద, పాప స్కూలు మీద, హైదరాబాదులో మేము బుక్ చేసిన ఫ్లాటు ఎప్పటికి పూర్తవుతుందన్న దాని మీద ఆధారపడి ఉంది. మా రాష్ట్రంలో ఎవరు గెలవనీ, ఎవరు ఓడనీ, మా సామాను సింగపూర్‌లో మా సెంగ్‌కాంగ్ ఇంట్లోనే ఉంటుంది. ఈ పిల్ల ఎక్కడ బతకాలో తేల్చడానికి మాత్రం ఒక దేశం దేశమే కదిలింది. నాకెందుకు లేదు ఇలాంటిది అని రైల్లో ఇంటిదాకా అదే రంపపు కోత.

విదేశాల్లో ఉన్నవాళ్ళు తమ రాయబార కార్యాలయంలో ముందుగానే ఓటేయొచ్చట. మనకి ఆ భాగ్యం లేదు, టికెట్టు కొనుక్కుని ఊరెళ్ళి వేయాల్సిందే. ఆ మాటకొస్తే నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ ఓటేయలేదు. వయసొచ్చేసరికి హాస్టల్లో ఉన్నాను, తర్వాత పెళ్ళి, తర్వాత సింగపూర్. క్రితంసారి పోలింగు రోజు నాన్నకి ఫోన్ చేస్తే, "నీ ఓటు పొద్దున్నే ఎవరో వేసేశార్రా. పోన్లే, మనోళ్ళకే వేసుంటారు" అని నవ్వారు. అప్పుడు నేనూ నవ్వాను. ఇప్పుడు గుర్తొస్తే నాన్న మీద కూడా కోపం వచ్చింది.

ఆమె ఓటేసే ఆదివారం నేనూ వస్తానన్నాను. ఎండగా ఉంటుంది, ఎందుకక్కా అంది. తోడు వస్తానన్నాను. తోడూ లేదు, పాడూ లేదు. చూడకుండా ఉండలేకపోయాను.

తను ఉండే టోవా పాయోలో కలుసుకుని ఇద్దరం వెళ్ళేసరికే క్యూ రాయబార కార్యాలయం గేటు దాటి, మలుపు తిరిగి, పక్క వీధిలోకి పాకింది. తువాస్ షిప్‌యార్డుల్లో పనిచేసే మగవాళ్ళు, ఇళ్ళల్లో పనికి కుదిరిన ఆడపిల్లలు, డాక్టర్లు, బ్యాంకు ఉద్యోగులు, అందరూ ఒకే వరసలో. ఒకరి డబ్బాలోది ఒకరు తింటున్నారు. ముక్కూ మొహం తెలియని ముసలావిడ ఈ పిల్ల జుట్టు సర్దింది. పెళ్ళివారిల్లులా ఉంది, నేను పిలవని పేరంటానికి వచ్చినట్టున్నాను.

ఎండ ముదిరింది. ఆమె మొహం కందిపోయింది. సింగపూర్‌లో నాకు బాగా అబ్బిన విద్య చోప్ చేయడం. తినేచోట బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్ పడేస్తే ఆ చోటు మనది, ఎవరూ ముట్టుకోరు. అదే తెలివి అక్కడ చూపించాను. "నీ చోట్లో నేను నిలబడి చోప్ చేస్తాను, నువ్వెళ్ళి నీడలో కూర్చో" అని ఆమెని బయటికి లాగి, నేను వరసలో దూరాను. నిజం చెప్పాలంటే ఆమె ఎండ కంటే నాకు ఆ వరసలో నిలబడాలన్న యావే ఎక్కువ.

కాసేపు భలేగా ఉంది. తర్వాత చుట్టూ మాటలు ఆగిపోయాయి. వెనకున్న పెద్దాయన నా చుడీదార్ వైపు, కార్యాలయం మేడ మీది కిటికీ వైపు మార్చి మార్చి చూశాడు. ఆ కిటికీలోంచి ఎవరో క్యూని కెమెరాతో తీస్తున్నారు. "ఏమీ అనుకోకు తల్లీ. ఫొటోలో పరాయి మనిషి కనబడితే, విదేశీయులు మాచేత వేయించారని మా ఓట్లు చెల్లవని కొట్టేస్తారు" అన్నాడాయన, చాలా మర్యాదగా. ఆమె పరుగున వచ్చి తన చోట్లో నిలబడింది. నేను రోడ్డు అవతలికి వెళ్ళాను. తల కొట్టేసినట్టయింది.

మధ్యాహ్నం దాటాక బయటికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తమ్ముడు సిపాయి అని, బారక్‌లో కెప్టెన్ చూస్తుండగా సైన్యం పార్టీకే గుద్దాలని, వాడి తరఫున కూడా తనే వేసినట్టు అనుకున్నానని చెప్పింది. అప్పటిదాకా పట్టుకున్న ఆమె చెయ్యి నాకు తెలియకుండానే వదిలేశాను.

ఆమె ఓటేసిన ప్రతిపక్షం గెలిచింది. అలా ఇలా కాదు, సైన్యం పార్టీ ఊడ్చిపెట్టుకుపోయింది. ఆమె ఆ వారమే రాజీనామా ఇచ్చింది. టీమ్ లీడ్ పని ఆమె తర్వాత నాదేనని మేనేజరు చెప్పాడు. ఎన్నాళ్ళుగానో కావాలనుకున్నది, చేతికొచ్చేసరికి ఆమె వదిలేసిన ఎంగిలిలా అనిపించింది. ఇంట్లో మా ఆయన స్వీట్లు తెస్తే కసురుకున్నాను.

ఆమె నోటీసు పీరియడ్ ఇంకా పూర్తికాలేదు. ఒక పొద్దున వాళ్ళ సైన్యం ఎన్నికలే చెల్లవని కొట్టేసింది. విదేశాల్లో పడ్డ ఓట్లన్నీ పరాయి శక్తుల ప్రభావంతో పడ్డవేనని టీవీలో ఒక జనరల్ చదివాడు. రేవులు కట్టించిన పెద్ద దేశం ఇది వాళ్ళ ఇంటి విషయమంది. పడమటి వాళ్ళు ఖండించి ఊరుకున్నారు. మా క్లయింటు నుంచి ఒక్క ముక్క వచ్చింది, పని అనుకున్న ప్రకారమే సాగాలని. ఆమె ఇంటికి ఫోన్లు కలవలేదు. గెలిచినవాళ్ళనీ, వాళ్ళకి పనిచేసినవాళ్ళనీ పట్టుకెళుతున్నారని తెలిసింది.

మేనేజరు ఆమెని గదిలోకి పిలిచాడు. రాజీనామా పైకి పంపలేదు, చించేస్తాను, పీఆర్‌కి కూడా సాయం చేస్తాను అన్నాడట. నిజంగా మంచివాడు. ఆ సంగతి వినగానే నాకు ముందు నా లీడ్ పోస్టు పోయిందే అనిపించింది, వెంటనే హమ్మయ్య అనీ అనిపించింది. ఇక ఈమె కూడా నాలాగే ఇక్కడ పడి ఉంటుంది. నా పక్క సీట్లో, నాతో సమానంగా.

సీటుకి తిరిగొచ్చి ఆమె సొరుగులు ఖాళీ చేయడం మొదలెట్టింది. చార్జరు, స్వెట్టరు, ఆఫీసు చెప్పులు సంచీలో పెట్టుకుంటోంది.

"ఇంకా ఎందుకు వెళ్ళడం? గెలిస్తేనే వెళ్తానన్నావుగా" అన్నాను.

తల తిప్పి, నాకు అర్థం కానిది ఏముందో తెలియనట్టు చూసింది.

"గెలిచాం కదక్కా" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. అంతమంది చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చాను. అది ఒట్టి అసూయ, ఇంకేమీ కాదు. తనకేమవుతుందోనని భయపడి ఏడుస్తున్నాననుకుని, ఆమె సంచీ కింద పెట్టి, నా తల దగ్గరికి తీసుకుని, ఏమీ కాదక్కా, ఏమీ కాదు అని చాలాసేపు ఓదార్చింది.