బండి ఖాళీ అయితే హిందూపురం

ధర్మవరం నుంచి హిందూపురం దాకా రైల్లో పోవాలనుకుంటున్నానని, దారి ఎలా ఉంటుందో రాయమని ఈ బ్లాగు చదివే ఒకాయన అడిగారు. దారి బాగుంటుంది. పెనుకొండ వచ్చేసరికి కొండమీద కోటగోడలు కనబడతాయి, వానాకాలమైతే చెరువులు నిండుగా ఉంటాయి. కానీ ఆ దారి పేరెత్తితే నాకు గుర్తొచ్చేది అందం కాదు, భయం. తొంభైల చివర్లో ఒక గురువారం నేను పడ్డ భయం ఇప్పటికీ పూర్తిగా దిగలేదు. అందుకే ఆ ప్రయాణమే రాస్తున్నాను. మీకు కావలసిన వివరాలు మధ్యలో ఏరుకోండి.

మాది ధర్మవరంలో పరుపులు, బొంతలు కుట్టే ఇల్లు. మా నాయన తల్లి హుసేనమ్మవ్వ ప్రతి గురువారం పొద్దున ఏడు గంటల ప్యాసింజరెక్కి, హిందూపురంలో తన కూతురు, మా అత్త కుల్లాయమ్మ ఇంటికి పోయి, మరునాడు తిరిగొచ్చేది. ఒక్కతే పోయేది. తోడొస్తామంటే కయ్యిమని లేచేది. చదువు రాదు, ఊళ్ల పేర్లు అడిగే అలవాటూ లేదు. ఆమె లెక్క ఒకటే: "బండి ఖాళీ అయితే హిందూపురం." ఆ బండి అంతవరకే పోతుంది కాబట్టి లెక్క ఎన్నడూ తప్పలేదు. దిగాక గేటు వైపు కూడా పోదు. ప్లాట్‌ఫారం చివర వాలు దిగి, పట్టాల పక్కనే ముందుకు నడిస్తే అత్తావాళ్ల ఇల్లు. పట్టాల పక్క ఇళ్లవాళ్లంతా అలాగే పోతారు. ఎండైనా వానైనా అవ్వ చేతిలో మడిచిన గొడుగొకటి ఉండేది. దాన్ని తెరవగా మాత్రం నేను చూడలేదు.

ఆ వారం మూడు రోజులు ఎడతెగని వాన. గురువారం తెరిపిచ్చింది. మేం స్టేషన్ చేరేసరికి బండి కూతేస్తోంది. టికెట్టు ఇస్తూ కిటికీలోని గుమాస్తా ఏదో చెప్పబోయాడు. వినే తీరిక నాకెక్కడిది? అవ్వను ఎక్కించాను, బండి కదిలింది. తీరిగ్గా బయటికొస్తుంటే గేటు పక్కన నల్లబల్ల కనబడింది. పెనుకొండ అవతల పట్టాల కింది కట్ట కోసుకుపోయిందని, బండ్లు పెనుకొండ వరకే పోతాయని, అక్కడి నుంచి హిందూపురానికి బస్సులు పెట్టారని సుద్దముక్కతో రాశారు. పెనుకొండలో బండి ఖాళీ అవుతుంది. అవ్వ దిగుతుంది. దిగి, ప్లాట్‌ఫారం చివర వాలు దిగి, పట్టాల పక్కనే ముందుకు నడుస్తుంది. ముందుకంటే కట్ట తెగిన వైపుకే.

గుమాస్తా దగ్గరికి పరుగెత్తాను. "ఏం కాదులేప్పా, అందర్తోపాటు ఆయమ్మా బస్సెక్కుంటాది," అన్నాడు. ఆ మాట నమ్మాలని ఎంత ఉన్నా మనసు నిలవలేదు. బస్టాండుకు పోయి కొత్తచెరువు మీదుగా పోయే బస్సెక్కాను. గంటన్నర ప్రయాణం, అప్పట్లో పదీ పన్నెండు రూపాయలు. సీటున్నా కూర్చోలేక మెట్ల దగ్గరే నిలబడ్డాను. కండక్టరు చూసి చూసి విసుక్కున్నాడు. "నువ్వు నిలబడితే బస్సు బిరీన పోతాదా అబ్బా? కూసో." కూర్చున్నాను, రెండు నిమిషాలకే మళ్లీ లేచాను. ప్రతి వంకలోనూ ఎర్రనీళ్లు పారుతున్నాయి. వాటిని చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను.

పెనుకొండ బస్టాండులో దిగి ఆటో మాట్లాడాను. స్టేషన్‌కు పోవాలంటే డ్రైవరు నవ్వాడు. "ఆడ బండ్లు యాడుండాయప్పా? హిందూపురం బస్సు ఈడికే వస్తాది." మారుమాట్లాడకుండా ఎక్కి కూర్చున్నాను. స్టేషన్లో ప్రయాణికులెవరూ లేరు, ఖాళీ బండి నిలబడి ఉంది. ప్లాట్‌ఫారం చివర నారాయణప్ప అనే, పట్టాలు చూసుకునే గ్యాంగ్‌మ్యాన్ ఎర్రజెండా చంకలో పెట్టుకుని బీడీ కాలుస్తున్నాడు.

"గొడుగు పట్టుకున్న ముసలామెను చూసినావా అన్నా?"

"పోయింది గదా, ఇట్లనే. ఈ పక్క ఇండ్లామేమో అనుకొంటి." నా ముఖం చూసి బీడీ పారేశాడు. "మీ అవ్వా? అయ్యో దేవుడా! ముందర కట్టే లేదప్పా. పైగా పదింటికి కట్ట పూడ్చేదానికి రాళ్ల బండి వస్తాది. ఇంజను వెనక నుంచి నెట్టుకొస్తాది, ముందరుండే మనిషి డ్రైవరుకు కనపడడు. నడువు, నడువు!"

మూసేసిన లైనులో బండ్లు రావని నేననుకున్నాను. జనం రాని లైనులోనే పనిబండ్లు వస్తాయట. అప్పటికి తొమ్మిదిన్నర. పట్టాల కింద అడ్డంగా పరిచిన స్లీపరు మీది నుంచి స్లీపరు మీదికి దాటుకుంటూ ఇద్దరం నడక, పరుగు. కొంతదూరం పోయాక బురదలో అవ్వ చెప్పు ఒకటి దిగబడి ఉంది. దాన్ని తీసి చేత్తో పట్టుకున్నాను. ఏడుపొచ్చింది. చెప్పు దాటాక తడిమట్టిలో చిన్న చిన్న గుంటలు, గొడుగు మొన దిగినవి, అడుగుకొకటి. చదును నేలమీద అడుగడుక్కీ గొడుగెందుకు పొడిచింది? ఆ ప్రశ్న బుర్రలో తిరుగుతూనే ఉంది.

మలుపు తిరగగానే కనబడింది. కట్ట తెగినచోట పట్టాలు రెండూ గాల్లో వేలాడుతున్నాయి, కింద వంక హోరుమంటోంది. తెగిన అంచుకు నాలుగడుగుల ఇవతల, పట్టా మీద కూర్చుని ఉంది మా అవ్వ. నేను నోరు తెరవబోతే నారాయణప్ప మూసేశాడు. "అరవద్దు. ఉలిక్కిపడి లేస్తే పడిపోతాది. నువ్వు మెల్లగా పో, నేను బండినాపుతా." జెండా విప్పుకుంటూ వెనక్కి పరుగెత్తాడు.

ఒక్కొక్క అడుగే వేసుకుంటూ పోయాను. రాళ్ల చప్పుడుకు అవ్వ తల తిప్పింది. మూడడుగుల దూరంలో, పట్టపగలు, నా ముఖంలోకి సూటిగా చూసింది.

"ఎవురప్పా? ఈడ కుల్లాయమ్మ ఇల్లుండల్ల. యాడికి పోయిందో తెలీడంల్యా."

వంగి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి నా ముంజేతి మీదుగా పాకి ముఖం దాకా వచ్చి, ముక్కు తడిమి ఆగింది.

"కాశీమా? నువ్వేంరా ఈడ? ముందర గొడుగు పొడిస్తే నేల తగల్లేదు. భయమేసి కూసుంటి."

రాళ్ల బండిని నారాయణప్ప మలుపవతలే ఆపేశాడు. అవ్వను కట్ట దింపి పొలంలోకి తీసుకొచ్చాక అడిగాను. "ఎన్నాళ్లనుంచి అవ్వా?"

"పోయిన రంజానుకు నెలవంక చూసినామని అందరూ అంటే, నేనూ చూసినా అంటినే, అప్పటికే చూపు లేదు." తర్వాత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇంట్లో చెప్పొద్దురా. చెప్తే ఇంగ నన్ను మూలన కూసోబెడతారు. కూతురి మొగం ఎట్లాగూ కనపడదు, మాటన్నా విననీ."

మడిచిన గొడుగును నేను ముసలిదాని చాదస్తమనుకున్నాను. ఒకే ఇంట్లో ఉంటూ చూడలేనిది ఆమె కాదు, నేను. ఆ రోజే బస్సులో హిందూపురం తీసుకుపోయి కంటి డాక్టరుకు చూపించాను. ఆలస్యమైందని, ఇక చూపు రాదని చెప్పాడు. ఆమె అడిగినట్టే ఇంట్లో చెప్పలేదు. అది తప్పో ఒప్పో నాకిప్పటికీ తెలియదు.

మీరు ఆ దారిలో పోతే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: లైను ఎంతవరకు నడుస్తోందో టికెట్టు కొనేటప్పుడే అడగండి, చెప్పేది నిలబడి వినండి. మూసేసిన పట్టాల మీద మాత్రం కాలు పెట్టకండి.

కొన్ని వారాలకు కట్ట వేశారు, బండి మళ్లీ హిందూపురం దాకా పోయింది. ప్రతి గురువారం అవ్వను ఎక్కించి, ఇంటికి పోతున్నానని చెప్పి, అదే పెట్టెలో అవతలి తలుపు దగ్గర నిలబడి నేనూ పోయేవాణ్ని. దగ్గు కూడా ఆపుకునేవాణ్ని. ఐదో గురువారం పెనుకొండ దాటాక అవ్వ గొడుగు ఒళ్లో పెట్టుకుని, తలుపు వైపు తిరిగి గట్టిగా అంది.

"ఎన్నాళ్లని నిలబడతావురా కాశీమా? ఈడ జాగా ఉండాది, వచ్చి కూసో."