మొహం తీసేసిన బొమ్మ

ఫొటోను పెన్సిల్ బొమ్మలా మార్చడం పెద్ద విద్యేమీ కాదు. కంప్యూటర్లో ఫొటో తెరిచి, దాని మీద దాని కాపీయే ఇంకోటి పెట్టి, రంగులు తీసేసి, పై కాపీని నెగెటివ్ చేసి రెండింటినీ కలిపితే తెరంతా తెల్లగా అయిపోతుంది. అప్పుడు పై కాపీని కాస్త మసక చేస్తే కనుబొమలు, చున్నీ మడతలు, చెప్పుల అంచులు గీతలుగా పైకి తేలతాయి. ఆ గీతల బొమ్మను పాత కాగితం రంగు పేజీ మీద అతికించి, మూలన ఒక గుండుసూది బొమ్మ గుచ్చితే డిజిటల్ స్క్రాప్‌బుక్ పేజీ తయార్. ఇంతమాత్రానికే క్యాంపస్‌లో నన్ను ఆర్టిస్టు అనేవాళ్లు. నాకు చేత్తో మామిడికాయ గీయడం కూడా సరిగ్గా రాదు.

ఎమ్మే ఆఖరి సంవత్సరం. బ్యాచ్ విడిపోయే ముందు అందరికీ సీడీలో ఇవ్వడానికి ఆ పేజీలు చేసే పని నాకు అప్పగించారు. తెలంగాణ ఉద్యమం రోజులవి. క్లాసులు తక్కువ, బంద్‌లు ఎక్కువ. తార్నాకలో మా ఇంటి కిటికీలు మూసినా టియర్ గ్యాస్ ఘాటు లోపలికి వచ్చేది. అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పప్పుకు తాలింపు వేసేది. నాన్న బ్యాంకు ఉద్యోగం మీద గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ఆ సంగతి ఎవరికీ పట్టేది కాదు. గుంటూరు వెళితే తెలంగాణ పిల్ల అనేవారు, క్యాంపస్‌లో ఆంధ్రా పిల్ల అనేవారు. రెండు చోట్లా నవ్వి ఊరుకునేదాన్ని. నవ్వడం తప్ప ఏం చేయగలను?

క్లాసులో నా పక్కన కూర్చునే స్నేహితురాలు ఒక్కతే అలా అనేది కాదు. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండేది. వాళ్లింట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి. ఊరేగింపుల్లో ముందు వరసలో నడిచేది, తిరిగొచ్చి నా నోట్సు కాపీ చేసుకునేది. "ఆంధ్రోళ్లు పోవాలంటున్నారు కదే, నేనూ పోవాలా?" అని ఒకసారి ఉక్రోషంగా అడిగాను. "నువ్వు పోతే నాకు నోట్సు ఎవరిస్తరే?" అని నా జడ పట్టి లాగింది.

ఒకరోజు హాస్టళ్ల దగ్గర లాఠీఛార్జి జరిగింది. మర్నాడు పొద్దున ఆమె మెయిన్ రోడ్డు వదిలేసి సందుల్లోంచి నడిచి మా ఇంటికి వచ్చింది. మణికట్టుకు కట్టు ఉంది. క్లాసులో ఒకరి కెమెరాలోంచి తీసిన మెమరీ కార్డు తెచ్చింది. అందులో ఒక ఫొటోను తెర నిండా పెద్దది చేసి చూశాను. నేల మీద పడిపోయిన కుర్రాణ్ణి చంకల కింద చేతులు వేసి లాగుతున్న అమ్మాయి. తలకు చుట్టిన చున్నీ జారిపోయింది. వెనక లేచిన లాఠీ. నోరు తెరిచి అరుస్తున్న ఆ అమ్మాయి ఈమే.

"గిది మన సీడీల ఉండాలె. కని నా మొకం కనవడొద్దు," అంది. "కేసు అయితే నౌకరి రాదు. మా నాయిన సచ్చిపోతడు."

ఉద్యోగాల కోసమే కదా ఉద్యమం. ఉద్యమంలో కనిపిస్తే ఉద్యోగం రాదేమోనన్న భయం. క్యాంపస్‌లో అందరూ ఆ రెండింటినీ ఒకే జేబులో పెట్టుకుని తిరిగేవాళ్లు.

అమ్మ ఆమెకు పెసరట్టు పెట్టింది, మణికట్టు చూసి "అయ్యో తల్లీ" అంది. నన్ను వంటింట్లోకి పిలిచి మాత్రం, "మనల్ని పొమ్మంటున్న వాళ్ల బొమ్మలు నువ్వు చేసిపెడుతున్నావా? సిగ్గు లేదుటే?" అంది. ఆ రెండు మాటలూ అమ్మ మనసులోంచే వచ్చాయి.

బొమ్మ చేశాను. ఒళ్లంతా చక్కగా గీతల్లోకి దిగింది గానీ మొహం ఒక పట్టాన పోలేదు. ఎంత మసక చేసినా ఆ తెరిచిన నోరు ఆమెదేనని తెలిసిపోతోంది. చివరికి మౌస్‌తో రుద్ది రుద్ది మొహమంతా తెల్లగా చేశాను. అప్పుడు అసలు ఫొటో కూడా తీసెయ్యమంది. తీసేశాను. కార్డులోది తనే చెరిపేసింది. హాస్టల్లో ఆమె గదిలోనే ఉండే సీనియర్ అక్కకు కూడా దెబ్బలు తగిలాయా అని అడిగాను.

"అక్కనా? ముందటి దినమే మల్కాజ్‌గిరిల వాళ్ల చిన్నమ్మ ఇంటికి పోయింది. గడ్‌బడ్ సల్లవడ్డంక వస్తదంట," అంది, తప్పు పట్టే గొంతుతో కాదు.

ఆ పేజీ సీడీ దాటి ఆన్‌లైన్లోకి, అక్కడి నుంచి పోస్టర్ల మీదికి, టీషర్టుల మీదికి ఎక్కింది. ఎవరి పేరూ లేదు. తార్నాక చౌరస్తాలో గోడ మీద కనిపిస్తే ఆమె మోచేత్తో నన్ను పొడిచేది. ఇద్దరం నవ్వు ఆపుకుంటూ బస్సెక్కేవాళ్లం. నా జీవితంలో అంత గర్వపడిన రోజులు ఎక్కువ లేవు.

రాష్ట్రం వచ్చింది. ఆమెకు ఒక కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్ పని దొరికింది. అదీ ఏటేటా ఎవరో ఒకరు దయతలిస్తేనే కొనసాగేది. ఆ సీనియర్ అక్క మాత్రం నాయకురాలైంది. క్యాంపస్‌లో ఉద్యమకారుల సన్మాన సభ పెడితే మేమిద్దరం వెళ్లాం. వేదిక వెనక నిలువెత్తు ఫ్లెక్సీ మీద మా బొమ్మ. అక్క మైకు తీసుకుని, ఆ బొమ్మలో ఉన్నది తనేనని చెప్పింది. లాఠీ దెబ్బ ఎక్కడ తగిలిందో కూడా చూపించింది. జనం చప్పట్లు కొట్టారు.

నాకు ఒళ్లు మండిపోయింది. పక్కకు చూశాను. ఆమె కూడా చప్పట్లు కొడుతోంది.

సభ అయ్యాక ఆమె చెయ్యి పట్టి లాక్కుని అక్క దగ్గరికి వెళ్లాను. "ఆ బొమ్మలో ఉన్నది మీరు కాదక్కా. ఆ బొమ్మ చేసింది నేను," అన్నాను.

అక్క కోపం తెచ్చుకోలేదు. నా భుజం మీద చెయ్యి వేసింది. "మంచిగున్నవా చెల్లె? మీ నాయినది ఏ జిల్లా?"

"గుంటూరు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది అక్కకు. అయినా వదల్లేదు. నా స్నేహితురాలి వైపు తిరిగి, "నువ్వు ఆడనే ఉన్నవ్ గదా. నువ్వు చెప్పు. ఎవరు గది?" అంది.

ఆమె ఫ్లెక్సీ వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. "మీరే అక్క," అంది.

అక్క ఆమెను దగ్గరికి తీసుకుంది. బొమ్మ ముందు ఇద్దరూ నిలబడ్డారు. ఫొటో తియ్యమని ఎవరో ఫోన్ నా చేతిలో పెట్టారు. తీశాను.

బయటికి వచ్చాక ఆమె నా వెనకే పరిగెత్తుకొచ్చింది. "ఏమనుకోకే. ఈ ఏడు నా కాంట్రాక్టు అక్క చెప్తేనే నిలవడ్తది. నీ మాట ఎట్లయినా నమ్మరు. నేను నిజం చెప్పి ఏం జేసుకోవాలె?"

నేను ఆటో కోసం చెయ్యెత్తాను. ఆమె గొంతు పెంచింది. "ఎందుకే గంత కోపం? అయినా మధ్యల నీదేం పోయింది?"

నువ్వు పోయావే అని చెప్పాలనిపించింది. రోషం అడ్డొచ్చింది. "నాదేం లేదులే," అని తార్నాక వైపు వెళ్లే ఆటో ఎక్కాను. ఆ తర్వాత ఆమె ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు.