కొండకు ఎడంగా కయాక్

రాయమల్లు కాకకు ఏజెంటు హోటల్ పని అని చెప్పి మేకలు కాసే పని అంటగట్టాడు. అదీ ఒమన్‌లో, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన బోడికొండల మీద. మా లక్షెట్టిపేట చుట్టుపక్కల ఇలా మోసపోని ఇల్లు వెతికితే గాని దొరకదు. మోసం చేసినవాళ్ళు మాత్రం పెళ్ళిళ్ళలో ముందు వరుసలో కూర్చుంటారు.

కాక చేపలు పట్టే ఇంట్లో పుట్టాడు. మేం గంగ అని పిలిచే గోదావరిలో థర్మకోల్ తెప్ప మీద కూర్చుని వల వేసిన మనిషి. కింద అంత నీళ్ళు కనిపిస్తుంటే పైన మేకల వెంట తిరగడం అతనికి నరకమైంది.

అతని కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, కొండ కింద కయాక్‌లు కూడా అద్దెకిచ్చేవాడు. చేపలా సన్నగా ఉండే ప్లాస్టిక్ పడవలు. టూరిస్టులు తెడ్డు వేసుకుంటూ కొండల వెంట తిరుగుతారు. వాళ్ళకు దారి చూపే మనిషి పని మానేశాడని తెలిసి కాక వెళ్ళి ఆ పని అడిగాడు. "నీళ్ళలోకి పొడుచుకొచ్చిన ఆ కొండకొమ్మును కయాక్‌లో చుట్టి రా. చేతకాకపోతే మళ్ళీ మేకల దగ్గరికే" అన్నాడు కఫీల్.

ఈ సంగతి కాక సెలవుకు వచ్చినప్పుడు వాకిట్లో కూర్చుని చెప్పాడు. పక్కనే కమల చిన్నమ్మ చేపలు కడుగుతోంది.

"చుట్టి వచ్చినవా?" అన్నాను.

"ముందుగాల మునిగిన. మన గంగల గాలి లేస్తే ఏం జేస్తం? ఒడ్డు పట్టుకుంటం. గట్లనే కొండ పక్కకు జరిగిన. అల కొండకు గుద్దుకొని ఎనక్కి మళ్ళింది. గటు కొండ, గిటు సముద్రం, నడుమ నేను. పడవ బోర్లవడ్డది."

"జూసినవా," అంది చిన్నమ్మ నాతో, "నీళ్ళల్ల పుట్టినోడు మేకల ముందు ఇజ్జత్ తీసుకున్నడు."

"అవునే, పైనుంచి మందంత జూసింది."

నవ్వాగాక మిగతాది చెప్పాడు. పడవను పట్టుకుని ఒడ్డుకు కాకుండా సముద్రంలోకే ఈదాడట. కొండకు ఎడంగా వెళ్ళేసరికి నీళ్ళు మెత్తగా ఊగుతున్నాయి. పడవ తిప్పి, కడుపు మీద పాకి ఎక్కి, అంత దూరం నుంచే కొమ్ము చుట్టి వచ్చాడు.

"మునిగినవు గదా అన్నడు కఫీల్. మునిగినోడు గీడిదాక వస్తడా సేట్ అని నేనన్న. గాయన నవ్విండు. తెల్లారి మేకలను ఇంకొకనికి అప్పజెప్పిండు."

మొన్న మంచిర్యాల స్టేషన్‌లో మళ్ళీ ఒమన్‌కు పోతూ కలిశాడు. చంకలో చిన్నమ్మ కట్టిచ్చిన తొక్కు పచ్చడి డబ్బా. ఏజెంటు మీద కేసు పెట్టకుండానే పోతున్నావా అని కోపంగా అడిగాను.

"నువ్వు పెట్టు కొడుకా, నాకు సీజన్ షురువైతుంది," అన్నాడు. "టూరిస్టులను తోల్కపోతుంటే గిప్పటికీ పైనుంచి మేకలు నన్ను జూసి అరుస్తయ్. తెడ్డు లేపి ఊపుత. దగ్గరికైతే పోను."