భయపడే చేతికే రూట్

ఫోన్ మీద ‘మేడమ్’ అని కనిపించగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆదివారం పొద్దున. మా ఆస్పత్రి కంప్యూటర్లన్నిటినీ నడిపే యూనిక్స్ సర్వర్‌ని కొత్త వెర్షన్‌కి మార్చి ఎంతోసేపు కాలేదు, బ్లడ్ బ్యాంక్ కౌంటర్లో ప్రింట్లు ఆగిపోయాయి. ఎవరో చెబితే తెలుసుకుని ఆమే చేశారనుకున్నాను. ఎత్తీ ఎత్తగానే, “మేడమ్, ప్రింట్లు రాలేదు. నాకు వస్తాండాయి, కౌంటర్లో వాళ్లకు రాలేదు” అని గడగడా చెప్పేశాను.

అవతల ఒక మగ గొంతు వినిపించింది. “నేను వాళ్ల తమ్మున్ని అప్పా. అక్క పోయింది. పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూచోనుండాది, అట్లనే పోయింది. సాయంత్రం సమాధి చేస్తాండాం. ఫోన్లో మీ పేరే పైనుంటే మీకు చేసినా.”

నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. చెప్పుకుంటే బాగుండదేమో గానీ నిజం అదే. మేడమ్ కొన్ని నెలలుగా కిడ్నీల జబ్బుతో సెలవులో ఉన్నారు. ఒంటిమిట్ట దాటాక వచ్చే వాళ్ల ఊళ్లో తమ్ముడి దగ్గర ఉంటున్నారు. సర్వర్ మార్పిడి ఒక్కడినే చేస్తానని ఒప్పుకున్నది, ఏదన్నా అయితే ఆమెకు ఫోన్ చేయొచ్చన్న ధైర్యంతోనే. ఇప్పుడు ఆ ఫోన్ వచ్చింది, చెప్పాల్సిన మనిషి లేరు.

మీలో చాలామందికి ఆమె ఎవరో తెలియదు. కడపలో మా ఆస్పత్రికి వచ్చి, పరీక్ష కాగితమో మందుల చీటీయో చేతిలో పట్టుకుని ఇంటికి వెళ్లినవాళ్లు కూడా ఆమెను చూసి ఉండరు. ఆ కాగితం సరిగ్గా ఆ చేతికే అందేలా లోపల ఒక మనిషి కాపలా ఉంటారని ఎవరనుకుంటారు? ఆస్పత్రి కంప్యూటర్లన్నిటికీ ఆమే పెద్ద. ఆయాలు కంప్యూటరమ్మ అనేవాళ్లు. సర్వర్ గది చలికి వాళ్ల నాయన పాత స్వెటర్ వేసుకుని, తీయడం మరిచిపోయి, మే నెల ఎండలో అలాగే క్యాంటీన్‌కి వచ్చేసేవారు. “ఏం కంప్యూటరమ్మా, జరమొచ్చిందా?” అని ఆయాలు నవ్వితే, “లేదులేమ్మా, లోపల ఊటీ” అనేవారు. నేను కర్ణాటక సరిహద్దున ఉండే ఆలూరు వైపువాణ్ణి, మా దగ్గర డబ్బుని దుడ్లంటాం. టీకి నేను దుడ్లు ఇస్తానన్నప్పుడల్లా, “నీ కన్నడం ఈడ చెల్లదు అబ్బీ” అని నా చెయ్యి పక్కకు నెట్టేవారు.

యూనిక్స్‌లో రూట్ అని ఒక పేరుంటుంది. ఆ పేరుతో లోపలికి వెళ్తే అడ్డు చెప్పేవాళ్లుండరు. ఏదైనా చదవొచ్చు, మార్చొచ్చు, చెరిపేయొచ్చు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ పాస్‌వర్డ్ ఎప్పుడిస్తారా అని తెగ ఆరాటపడ్డాను. తీరా ఇచ్చిన రోజు కీబోర్డ్ ముందు కూర్చుంటే నా చేతులు వణికాయి. ఆమె చూశారు. నేను గబుక్కున చేతులు బల్ల కిందికి లాక్కున్నాను.

“దాచుకోవద్దు అబ్బీ. భయం లేనోని చేతికి రూట్ ఇయ్యగూడదు. నీకు భయమైతాండాది కాబట్టే ఇస్తాండా.”

“మీకు భయం లేదా మేడమ్?”

“శానా భయం. ఇప్పటికీ.”

నిజమే. రూట్‌లోకి వెళ్లే ముందు ఆమె ప్రతిసారీ కళ్లు మూసుకునేవారు. “ప్రభువా, చెయ్యి జారనియ్యొద్దు” అని పెదాలు కదిలేవి. పని కాగానే బయటికి వచ్చేసేవారు. మంచినీళ్లు తాగడానికి లేచినా సరే, రూట్‌ని తెరిచి పెట్టి లేచింది నేనెన్నడూ చూడలేదు.

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. రూట్ చేతిలో ఉన్న మనిషి, తన సొంత పేరుకు మాత్రం కొత్తగా చేరిన నర్సుకు ఉండే అనుమతులే ఉంచుకున్నారు. సర్వర్లో ఏ చిన్న మార్పు చేసినా, కౌంటర్ దాకా నడిచి వెళ్లి, తన పేరుతో లాగిన్ అయి, ఒక కాగితం ప్రింట్ తీసేవారు. అది చేతికొచ్చాకే పని అయిందనేవారు. “రూట్‌గా చూస్తే అంతా బాగానే కనబడతాది. రూట్‌కు ఎవరి కష్టమూ తెలీదు. నర్సు మాదిరి చూడు” అని నాకు ఎన్నిసార్లు చెప్పారో.

ఆ ఆదివారం నేను రూట్‌గానే చూశాను. వార్డు వార్డుకీ ఒక కాగితం పంపాను. ప్రింటర్లన్నీ టకటకా తీసిచ్చాయి. అంతా బాగుందని అన్ని విభాగాలకూ చెప్పేశాను కూడా. ఇంకాసేపటికి బ్లడ్ బ్యాంక్ టెక్నీషియన్ నుంచి ఫోన్. “అన్నా, బ్యాగు చీటీ రాలేదు. అనుమతి లేదంటాండాది.”

పరుగున వెళ్లాను. కాన్పైన ఒకామెకు పైన ఆపరేషన్ థియేటర్లో రక్తం ఆగడం లేదు. ఆమె తల్లి కౌంటర్ చువ్వలు పట్టుకుని నిలబడి ఉంది. మా దగ్గర రక్తం బ్యాగు బయటికి పోవాలంటే, ఎవరికి, ఏ గ్రూపు, సరిపోయిందా లేదా అన్నది ప్రింటైన చీటీ దానికి కట్టాలి. చేత్తో రాస్తే ఒకరిది ఇంకొకరికి మారే ప్రమాదం ఉందని పెట్టిన కట్టుబాటు అది. బ్లడ్ బ్యాంక్ డాక్టరమ్మ నిమిషం ఆలోచించి, మొదటి బ్యాగుకు తనే చేత్తో చీటీ రాసి, ఇద్దరి చేత చదివించి పైకి పంపారు. “ఇంకా బ్యాగులు కావాల. ఈ కంగారులో అన్నిటికీ చేత్తో రాయలేను. తప్పు రాస్తానేమోనని భయంగా ఉండాది. నువ్వు తొందరగా చూడప్పా” అన్నారు.

“నాయనా, రక్తం ఈడనే ఉండాదంట గదా. మళ్లా యాల ఇయ్యరు?” అంది ఆ తల్లి నాతో. ఫోన్ మోగింది అప్పుడే. మేడమ్ పోయిన సంగతి విన్నది ఆ చువ్వల పక్కన నిలబడే.

పక్క టెర్మినల్ ముందు కూర్చున్నాను. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఒక దొడ్డిదారి నాకు తెలుసు. ప్రింట్‌కి పంపిన కాగితాలు వంతు కోసం సర్వర్లో ఒక చోట ఆగుతాయి. ఆ చోటుకు అనుమతి అంకెలుగా మూడు ఏడులు కొడితే ఎవరైనా అందులో రాయొచ్చు, ఎవరైనా చదవొచ్చు. చీటీ వెంటనే వచ్చేస్తుంది. వేలు ఏడు మీదికి వెళ్లింది కూడా.

మేడమ్‌కి కోపం రావడం నేను చూసింది ఒక్కసారే, ఈ ఏడుల మీదే. తొందర పని అని నేను అదే చేయబోతే నా చెయ్యి పట్టుకున్నారు. తను అంతకుముందు పనిచేసిన చోట ఎవరో అలాగే వదిలేశారట. ఒక అమ్మాయి పరీక్ష ఫలితం ప్రింట్ కాకముందే ఎవరో చదివారు. ఆ అమ్మాయి బస్సు దిగేసరికి ఆమె జబ్బు పేరు ఊళ్లో అందరికీ తెలిసిపోయింది. “ఆ పిల్ల మళ్లా మందులకు రాలేదు అబ్బీ. యాడికి పోయిందో ఏమో” అన్నారు. మా ప్రింటర్లు ప్రతి కాగితానికీ ముందు, పంపినవాళ్ల పేరుతో ఇంకో కాగితం తీస్తాయి. ఒకరిది ఒకరి చేతికి పోకూడదని ఆమె పట్టుబట్టి పెట్టించింది అది. కాగితం దండగని ఆఫీసువాళ్లు ఎంత సణిగినా వినలేదు.

ఏడు మీంచి వేలు తీసేశాను. తీసేశాక భయం ఇంకా ఎక్కువైంది, ఎందుకంటే ఇక తెలిసిన దారి లేదు. రూట్‌లోకి వెళ్లే ముందు, చర్చి మొహం ఎరగనివాణ్ణి, కళ్లు మూసుకుని ఆమె మాటే అనుకున్నాను.

ప్రింట్ కాగితాలు ఆగే ఆ చోటు ఎవరి పేరు మీద ఉందో చూశాను. ప్రింట్ తీసే అనుమతి ఉన్నవాళ్లందరినీ చేర్చిన ప్రింటింగ్ గుంపు పేరు మీదే ఉంది, అన్నీ సవ్యంగానే కనిపించాయి. మా కౌంటర్ వాళ్లు ఆ గుంపులోనివాళ్లే గదా, మరి ఎందుకు అడ్డుకుంటోంది? పేరు కాకుండా నంబర్ చూపించమని అడిగితే అసలు సంగతి బయటపడింది. యూనిక్స్‌కి గుంపు పేరుతో పని లేదు, నంబరే కావాలి. కొత్త వెర్షన్ ప్రింటింగ్ గుంపుకి కొత్త నంబర్ ఇచ్చుకుంది. మావాళ్లంతా పాత నంబర్‌తోనే మిగిలిపోయారు. రూట్‌ని నువ్వే గుంపని యూనిక్స్ అడగదు కాబట్టి నాకు మాత్రం కాగితాలు వచ్చాయి.

కౌంటర్ల వాళ్ల పేర్లన్నీ కొత్త నంబర్‌లో చేర్చాను. ఆ వరసలో మేడమ్ పేరు వచ్చింది. చేర్చాలా వద్దా అని ఆలోచించే తీరిక లేదు, చేర్చేశాను.

“ఇప్పుడు కొట్టు పాపా” అన్నాను.

టెక్నీషియన్ నొక్కింది. “లేదన్నా. అదే మాట. అనుమతి లేదంట.”

పైనుంచి ఆయా పరుగెత్తుకుంటూ వచ్చింది. “రెండో బ్యాగు అడుగుతాండారు!” ఆ తల్లి అక్కడే నేల మీద కూలబడింది. డాక్టరమ్మ మళ్లీ పెన్ను తీశారు. ఇది కూడా కాకపోతే నా దగ్గర ఇంకేం లేదు. నా వల్ల ఒక మనిషి పోతుందేమో. చంటిబిడ్డ ఎక్కడుందో, ఎవరు ఎత్తుకున్నారో.

నర్సు మాదిరి చూడు అబ్బీ.

రూట్‌గా ఉన్నవాడు పాస్‌వర్డ్ లేకుండానే ఎవరి పేరులోకైనా వెళ్లొచ్చు. నర్సు అనుమతులే ఉన్న పేరు ఒకటి నాకు బాగా తెలుసు. ఆ పేరు కొట్టాను. తెర మీద వరస మొదట్లో రూట్ పోయి ఆమె పేరు వచ్చింది. ఒక కాగితం పంపాను.

ప్రింటర్ ఒకసారి మూలిగి కదిలింది. మొదటి కాగితం వచ్చింది. దాని మీద పెద్ద అక్షరాలతో మేడమ్ పేరు.

టెక్నీషియన్ ఆ కాగితం చూసి చటుక్కున లేచింది. ఆమెకు అప్పటికింకా కబురు తెలియదు. “మేడమ్ వచ్చినారా అన్నా? యాడున్నారు?” అని తలుపు వైపు చూసింది.

ఆ కాగితం వచ్చాక నాకు విషయం అర్థమైంది. కొత్తగా లోపలికొచ్చిన పేరుకు పనిచేస్తోంది, పొద్దుటి నుంచీ లోపలే ఉన్నదానికి చేయడం లేదు. అనుమతులు మార్చినప్పుడల్లా మేడమ్ నర్సుల దగ్గరికి వెళ్లి, “ఒకసారి బయటికి పోయి మళ్లా రాండమ్మా” అని బతిమాలేవారు. లాగిన్ అయినప్పుడున్న హక్కులే మనిషి వెంట ఉంటాయి, కొత్తవి కావాలంటే మళ్లీ లోపలికి రావాలి. వందసార్లు విన్న మాట, భయంలో తుడిచిపెట్టుకుపోయింది.

“పాపా, లాగౌట్ అయి మళ్లా లోపలికి రా” అన్నాను.

వచ్చింది, నొక్కింది. టెక్నీషియన్ పేరుతో ఒక కాగితం, దాని వెనకే బ్యాగు చీటీ. డాక్టరమ్మ చీటీని ఒకటికి రెండుసార్లు చదివి కట్టారు. ఆయా బ్యాగుని రొమ్ముకు హత్తుకుని మెట్లెక్కింది. దాని వెనక ఇంకోటి, ఇంకోటి. మధ్యాహ్నానికి రక్తం ఆగిందని పైనుంచి చెప్పారు. ఆ తల్లి నా రెండు చేతులూ పట్టుకుంది. మేడమ్ పోయారన్న మాట టెక్నీషియన్‌కి ఆ తర్వాతే చెప్పాను. అప్పుడే నాకూ ఏడుపు వచ్చింది.

సాయంత్రం సమాధికి బయల్దేరాలని లేచి, ఎందుకో తెర వైపు చూశాను. నేనింకా ఆమె పేరులోనే ఉన్నాను. వరస మొదట్లో ఆమె పేరు, పక్కన మిణుకుమిణుకుమంటున్న చిన్న గీత, ఇంకేమన్నా పని ఉందా అబ్బీ అని అడుగుతున్నట్టు. ఇక ఆ పేరుని ఆఫీసువాళ్లు తీసేయమంటారు. తీసేయాల్సింది నేనే. ఈ ఆస్పత్రిలో రూట్ ఇప్పుడు నా ఒక్కడి దగ్గరే ఉంది.

పని కాగానే బయటికి రావాలన్నది ఆమె నియమం. ఆమె పేరున్న కాగితాన్ని మడత పడకుండా బల్ల మీద ఆనించి పెట్టి, బయటికి రావడానికి కొట్టాల్సిన మాట కొట్టాను. ఆమె పేరు పైకి జరిగింది, కింద మళ్లీ రూట్ వచ్చి నిలబడింది. నా చేతులు వణుకుతున్నాయి. నేను వాటిని బల్ల కిందికి లాక్కోలేదు.