సత్తార్ భాయ్ ఫోనుకు ఒక్కటే మెసేజ్

2012, మక్కజొన్న కోతల కాలం. కామారెడ్డిలోని ఒక విత్తన ప్లాంటులో సర్వర్లు మొరాయిస్తే నన్ను పిలిచేవారు. చుట్టుపక్కల రైతులు విత్తనం కోసం పండించిన కంకులను అక్కడి డ్రయ్యర్‌లో ఆరబెట్టేవారు. అందరూ ఒకేసారి వస్తే చోటు చాలదు కాబట్టి, ఎవరి వంతు ఎప్పుడో ముందురోజు సాయంత్రం ఫోనుకు మెసేజ్ వెళ్లేది. మెసేజ్‌లో పేరున్న రైతు ట్రాక్టర్‌నే గేటులోకి వదిలేవారు. ఆ మెసేజ్‌లు పంపేది ఒక షెల్ స్క్రిప్ట్, అంటే కంప్యూటర్ వరుసగా చేయాల్సిన పనులు రాసిపెట్టిన ఫైలు.

ఆ రోజు నేను వెళ్లేసరికి మేనేజర్ బల్ల ముందు నర్సవ్వ అనే రైతు నిలబడి ఉంది. ఎల్లారెడ్డి దగ్గరి పల్లె నుంచి బస్సులో వచ్చింది.

"మా వాడల గంగారాం కంకులు డ్రయ్యర్‌కు పోయినయి సార్. నా కంకులు కల్లంలనే కుప్పవోసి ఉన్నయి. మొగులైతున్నది, వానొచ్చేటట్టున్నది. నా వంతు ఎప్పుడొస్తది?"

"మెసేజ్‌లన్నీ పోయినట్టే ఉంది కదమ్మా," అన్నాడు మేనేజర్, తెర వైపు చూపిస్తూ.

ఆ స్క్రిప్ట్ రాసినాయన ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. నేను దాన్ని డీబగ్గర్‌లో నడిపించాను. స్క్రిప్ట్‌ను ఒక్కో వరుస దగ్గర ఆపి, లోపల ఏం జరుగుతోందో చూపించే సాధనం అది. నాకు దాని ఆదేశాలు అన్నీ గుర్తుండి చావవు. హెల్ప్ అని కొడితే చాలు, ఏమేం అడగవచ్చో అదే చెబుతుంది. ఇన్ఫో అని అడిగితే ఇప్పుడు ఏ ఫైలులో, ఏ వరుసలో ఆగిందో చెబుతుంది. నాకు తెలిసిన కొందరు ఇంజినీర్ల కంటే మర్యాదగానే చెబుతుంది.

కొంతదూరం నడిచాక రైతుల పేర్లు ఉన్నట్టుండి తగ్గిపోయాయి. ఎక్కడున్నావని ఇన్ఫోతో అడిగాను. నేను చూస్తున్న స్క్రిప్ట్ పేరు కాదు, అది లోపల పిలుచుకునే ఇంకో చిన్న ఫైలు పేరు చెప్పింది. ఒకే నంబరు రెండోసారి కనిపిస్తే ఆ పేరు తీసేయడం దాని పని. ఒకరికే రెండు మెసేజ్‌లు పోకూడదని పెట్టారు. తీసేసిన పేర్లలో నర్సవ్వ ఉంది.

"ఈ నంబర్ ఎవరిది అవ్వా?"

"సత్తార్ భాయ్ దుకాణంది. మా వాడకంత గదే ఫోన్. మెసేజొస్తె ఆయన్నే సదివి, పిలిచి చెప్తడు."

గంగారాం పేరు ముందుంది, అతనికి పోయింది. అంతే. మనిషికో ఫోన్ ఉంటుందనుకున్నాడు రాసినాయన.

"ఈరోజే తెచ్చుకోనివ్వండి సార్, తప్పు మనదే కదా," అన్నాను. మేనేజర్ ఒప్పుకోలేదు. వరుస తప్పిస్తే రేపు గేటు దగ్గర కొట్లాట అవుతుందన్నాడు. నేను ఆ చిన్న ఫైలులో పేర్లు కొట్టేసే వరుసను తీసేశాను. సాయంత్రం నర్సవ్వ పేరుతో మెసేజ్ వెళ్లింది. అప్పటికే వాన మొదలైంది.

అది రోజుల తరబడి తెరిపివ్వకుండా పట్టుకుంది. కల్లంలోకి ట్రాక్టర్ దిగలేదు. వాన తగ్గాక నర్సవ్వ కంకులు ట్రాక్టర్‌లో వేసుకుని వచ్చింది; ఆ రోజు నేనూ ప్లాంటులోనే ఉన్నాను. మేనేజర్ ఒక కంకి పొట్టు విప్పాడు. గింజల మీద తెల్లటి మొలకలు. విత్తనానికి పనికిరాదన్నాడు. ఈసారి ఆయన గొంతు కూడా తగ్గింది.

నర్సవ్వ కొంగు ముడి విప్పి సత్తార్ భాయ్ ఫోన్ తీసింది. సాక్ష్యంగా ఇచ్చి పంపాడట. దాన్ని నాకు అందించింది.

"సూడు బిడ్డా, నా పేరే గద? మీరు పిలిస్తెనే వచ్చిన."

నేను చూశాను. ఆమె పేరే. ఆమె ట్రాక్టర్ గేటు దగ్గర వెనక్కి తిరుగుతుంటే నాకు ఏడుపొచ్చింది.

స్క్రిప్ట్ చివరికి రాగానే, ప్రోగ్రాం సవ్యంగా ముగిసిందని డీబగ్గర్ ఒక ముక్క చూపిస్తుంది. నర్సవ్వ పేరు తీసేసిన రోజున కూడా అది సవ్యంగానే ముగిసింది. ఇప్పుడు మెసేజ్‌లు పంపే పని ఏది చేతికొచ్చినా, ముందు ఆ ఊళ్లో ఎవరికో ఒకరికి ఫోన్ చేసి, ఈ నంబరు మీద ఎంతమంది ఆధారపడ్డారని అడుగుతాను. ఆ మాట ఎవరైనా ఒక నెల ముందు అడిగి ఉంటే, ఆమె కంకులు డ్రయ్యర్‌లో ఉండేవి.